ఊరి క్యాలెండర్ ఒకటి, ఆఫీసు క్యాలెండర్ ఒకటి: స్వచ్ఛంద సంస్థల మాట జనానికి ఎందుకు చేరడం లేదు

గుంటూరు, ఖమ్మం వైపు పల్లెల్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో తరచుగా కనిపించే దృశ్యం ఇది. కమ్యూనిటీ హాలు ముందు ఒక ఫ్లెక్సీ. 'అవగాహన సదస్సు' అని పెద్దక్షరాలు. పైన వరసగా నాలుగు లోగోలు, కుడివైపు ముఖ్య అతిథి ఫొటో, ఎడమవైపు అధ్యక్షులవారి ఫొటో, అడుగున తేదీ, వేదిక. లోపల వేసిన కుర్చీలు వంద, కూర్చున్నవాళ్లు పాతిక మంది. మిగతావాళ్లంతా మిరప చేలల్లో ఉంటారు.

ఫీల్డ్ వర్కర్ ముందురోజు ఫోన్ చేసే ఉంటుంది. "అక్కా, రేపు పదకొండింటికి మీటింగు, తప్పకుండా రావాలి" అంటే, "కోతలకు పోకపోతే ముఠాలోంచి తీసేస్తారమ్మా, ఇంకోరోజు పెట్టుకోకూడదా?" అని అవతలి నుంచి జవాబు. ఇంకోరోజు పెట్టడానికి వీల్లేదు. మార్చి 31లోపు ఖర్చు చూపించాలి, యూసీ (డబ్బు ఖర్చయిందని చూపే ధ్రువపత్రం) పంపాలి, ఫొటోలు అప్‌లోడ్ చేయాలి.

జనానికి ఆసక్తి లేదనో, సిబ్బంది సరిగా చెప్పలేదనో తర్వాత రిపోర్టులో రాసుకుంటారు. రెండూ అసలు కారణాలు కావు.

క్లుప్తంగా

స్వచ్ఛంద సంస్థలకు డబ్బు వచ్చే నెలలకూ, ఊళ్లో జనానికి తీరిక దొరికే నెలలకూ పొంతన లేదు. నిధులకు సంబంధించిన చట్టాలన్నీ ఏప్రిల్-మార్చి లెక్క మీద నడుస్తాయి. సమాచారం చేరవేయడానికయ్యే ఖర్చును 'పరిపాలన ఖర్చు'గా చూడటం వల్ల ఆ పని బడ్జెట్‌లో అన్నిటికంటే ముందు కోతకు గురవుతోంది. జహీరాబాద్, నెల్లూరు ప్రాంతాల్లో మాట జనంలోకి వెళ్లిన సందర్భాలు చూస్తే, అక్కడ చెప్పడం వేరు, పని వేరుగా లేవు. వ్యక్తిగత డేటా చట్టం నిబంధనలు రావడంతో ఫొటోలు, ఫోన్ నంబర్ల విషయంలోనూ ముందస్తు ప్రణాళిక తప్పనిసరి కాబోతోంది.

డబ్బు ఏ నెలలో చేరుతుంది

ప్రభుత్వ పథకాలు పక్కన పెడితే సంస్థలకు డబ్బు వచ్చే దారులు ప్రధానంగా మూడు: కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు), విదేశీ విరాళాలు, దేశంలోని దాతలు.

సీఎస్ఆర్ సంగతి ముందు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నికర విలువ రూ.500 కోట్లు, టర్నోవర్ రూ.1,000 కోట్లు, నికర లాభం రూ.5 కోట్లు - వీటిలో ఏ ఒక్క హద్దును చేరినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు పెట్టాలి. 2021లో నిబంధనలు బిగిశాయి. ఏడాదిలో ఖర్చు కాని సొమ్ము కొనసాగుతున్న ప్రాజెక్టుది కాకపోతే, ఏడాది ముగిసిన 6 నెలల్లో దాన్ని చట్టం 7వ షెడ్యూలులో పేర్కొన్న నిధుల్లో ఏదో ఒకదానికి జమ చేయాల్సిందే. కంపెనీల మార్చి టెన్షన్ అక్కడ మొదలై సంస్థల మెడకు చుట్టుకుంటుంది.

మామూలుగా జరిగేది ఇలా ఉంటుంది. జూన్, జులైలో ప్రపోజల్ వెళుతుంది. కాగితాల పరిశీలన, ఆఫీసు చూసి వెళ్లడం, సందేహాలు, సవరణలు అయ్యేసరికి దసరా దాటుతుంది. ఒప్పంద పత్రం (ఎంఓయూ) మీద సంతకాలయ్యాక మొదటి విడత డబ్బు చేతికొచ్చేది శీతాకాలంలో. ఏడాది ప్రాజెక్టు కాస్తా నాలుగు నెలల ప్రాజెక్టు అవుతుంది. అందులో మొదటి నెల మనుషుల్ని పెట్టుకోవడానికి, చివరి నెల లెక్కలు రాయడానికి పోతుంది. నికరంగా మిగిలేది రెండు నెలలు. ఆ రెండూ మిరప, పత్తి పొలాల్లో ఆడవాళ్లకు ఊపిరాడని నెలలు.

ట్రస్టులు, సొసైటీల మీద ఇంకో ఒత్తిడి ఆదాయపు పన్ను నుంచి వస్తుంది. పన్ను మినహాయింపు నిలవాలంటే ఆ ఏడాది ఆదాయంలో కనీసం 85 శాతం సంస్థ ఆశయాల కోసం ఖర్చు కావాలి. జనవరిలో ఒక దాత పెద్ద మొత్తం ఇస్తే సంతోషించాలో, కంగారు పడాలో తెలియని పరిస్థితి చిన్న ట్రస్టులకు ఎదురయ్యేది అందుకే.

ఇంతవరకే చూస్తే తప్పంతా చట్టాలదే అనిపిస్తుంది. కాదు. రెండు చోట్లా చట్టమే దారి వదిలింది. కంపెనీ ఒక కార్యక్రమాన్ని 'కొనసాగే ప్రాజెక్టు'గా ఆమోదిస్తే, అది మొదలైన ఏడాది కాక మరో మూడేళ్లు నడపవచ్చు. మిగిలిన సొమ్మును ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేస్తే చాలు. ట్రస్టు కూడా ఫలానా పనికోసమని ముందే తెలియజేసి సొమ్మును ఐదేళ్ల వరకు కూడబెట్టుకోవచ్చు. ఈ దారులు వాడుకోవాలంటే ప్రపోజల్ రాసేటప్పుడే మూడేళ్ల పని ఊహించి ఉండాలి. ఏడాదికోసారి గండం గట్టెక్కితే చాలనుకునే సంస్థ ఏడాదికి మించి అడగదు, అడగనిది కంపెనీ ఇవ్వదు.

'5 శాతం', '20 శాతం' చుట్టూ ఉన్న గందరగోళం

బడ్జెట్ తగ్గించాల్సి వస్తే మొదట కొట్టేసే గీత ఎక్కడ పడుతుందో ఏ సంస్థ అకౌంటెంట్‌నైనా అడగవచ్చు. కరపత్రాలు, ఊరూరా తిరిగే జీపు, డాక్యుమెంటేషన్ చూసే మనిషి జీతం. ఇవన్నీ 'అడ్మిన్' అని ఒక ముద్ర.

ఆ ముద్రకు మూలం విదేశీ విరాళాల నియంత్రణ చట్టం. 2020 సెప్టెంబరు సవరణతో పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. రిపోర్టులు రాయడం, దాఖలు చేయడం కూడా నిబంధనల ప్రకారం పరిపాలన ఖర్చే. అదే సవరణ ఒక సంస్థకు వచ్చిన విదేశీ సొమ్మును మరో సంస్థకు ఇవ్వడాన్ని పూర్తిగా ఆపేసింది. పైకి ఇది డబ్బు సంగతిలా కనిపిస్తుంది కానీ, దెబ్బ తగిలింది మరోచోట కూడా. అంతకుముందు నగరంలోని పెద్ద సంస్థ మండల స్థాయి చిన్న సంస్థకు నిధులతో పాటు రిపోర్టు ఎలా రాయాలో, పోస్టర్ ఎలా వేయాలో చెప్పే మనుషుల్ని కూడా పంపేది. నిధుల తాడు తెగాక ఆ రాకపోకలూ పలచబడ్డాయి.

ఇక 5 శాతం గురించి. సీఎస్ఆర్ నిబంధనల్లో ఉన్న 5 శాతం పరిమితి కంపెనీ తన సొంత సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకునే ఖర్చులకు. పని చేసే సంస్థ బడ్జెట్‌కు పెట్టిన హద్దు కాదది. అయినా మాటామాటా పాకి, సంస్థలే తమ బడ్జెట్‌లో 5 శాతం దాటకుండా గీత గీసుకుంటున్నాయి. ఊళ్లో మీటింగుకు ముందు ఇంటింటికీ తిరిగి చెప్పే మనిషి జీతం ప్రాజెక్టు ఖర్చే అవుతుంది, దాన్ని అలా రాస్తే. 'కమ్యూనికేషన్' అని ఒకే పద్దు కింద రాస్తే మాత్రం ఎవరి కళ్లైనా ముందు దాని మీదే పడతాయి.

ప్రవాసులు సొంత ఊళ్లలో పెట్టే ట్రస్టులకు ఇంకో చిక్కుంది. అమెరికా నుంచి వచ్చిన డబ్బంతా విదేశీ విరాళం కాదు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన లోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మారి, విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డు తీసుకున్న వ్యక్తి అదే ట్రస్టుకు పంపితే వస్తుంది. అన్నదమ్ములిద్దరూ ఒకే ఊళ్లో ఉంటూ ఒకే బడికి చెరో లక్ష పంపినా లెక్కలు వేరు. విరాళాలు అడిగే వాట్సాప్ మెసేజ్‌లో ఈ ఒక్క ముక్క లేకపోవడం వల్ల ఆడిటర్ దగ్గర తలనొప్పులు పడుతున్న ఊరి ట్రస్టులు తక్కువేమీ కాదు.

ఎవరి భాషలో రాస్తున్నారు

సంస్థ రాసే మొదటి కాగితం ప్రపోజల్, అది ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఊళ్లోకి వచ్చే తెలుగు దాని నీడే. 'లబ్ధిదారుల సామర్థ్యాల పెంపు', 'సాధికారత దిశగా భాగస్వామ్యం', 'హాజరు కావలసిందిగా కోరడమైనది'. ఇది తప్పు తెలుగు కాదు, ఎవరూ మాట్లాడని తెలుగు. పొదుపు సంఘంలో ఇరవై ఏళ్లుగా ఉన్న మనిషిని 'లబ్ధిదారు' అంటే, ఆమె తన గురించి అనుకోదు. ఆ మాట చెవినపడగానే రేషనో, పింఛనో వస్తుందనుకుంటుంది, లేదా తనకు సంబంధం లేదనుకుంటుంది.

మొదట చెప్పుకున్న ఫ్లెక్సీనే ఇంకోసారి చూడవచ్చు. అందులో లేనివి: ఎంతసేపు జరుగుతుంది, ఆధార్ జిరాక్స్ తెచ్చుకోవాలా, చంటిబిడ్డతో రావచ్చా, మధ్యాహ్నం భోజనం ఉందా, పక్క ఊరి వాళ్లకు ఆటో పెడతారా. అంటే రావాలా వద్దా అని తేల్చుకోవడానికి ఒక కూలి మనిషికి అవసరమైనదేదీ లేదు. ఉన్నదంతా కంపెనీకి పంపే ఫొటోలో పడాల్సిన సమాచారం. ఫ్లెక్సీ చదవాల్సింది ఊరివాళ్లు కాదు, కెమెరా.

ఇందులో దురుద్దేశమేమీ లేదు. ఎవరు జవాబు అడుగుతారో వాళ్ల కోసమే ఎవరైనా రాస్తారు. డబ్బిచ్చినవాళ్లు మూడు నెలలకోసారి రిపోర్టు అడుగుతారు. ఊరు ఎప్పుడూ అడగదు, అడిగే ఏర్పాటూ లేదు.

పస్తాపూర్ దారి: పంట చేతికొచ్చాక బండ్లు కట్టి

ఆ ఏర్పాటు ఉన్నచోట్ల ఏం జరిగిందో చూడాలంటే జహీరాబాద్ ప్రాంతం మంచి ఉదాహరణ. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పని చేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా సంఘాలతో కొర్రలు, సామలు, జొన్నలు, తైదల వంటి పాత పంటలను నిలబెట్టింది. ఆ సంస్థ ఏటా సంక్రాంతికి మొదలుపెట్టే పాత పంటల జాతర దాదాపు నెల సాగుతుంది. అలంకరించిన ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. ఆగిన ప్రతి ఊళ్లో రైతులతో మాట్లాడతారు.

ఎందుకు సంక్రాంతి? వానాకాలం పంట ఇంటికొచ్చి ఉంటుంది, గింజ కళ్ల ముందుంటుంది, వచ్చే ఏటికి ఏ విత్తనం దాచాలన్న ఆలోచన అప్పుడే సాగుతుంటుంది. అదే మాట మృగశిర కార్తెలో చెబితే ఆలస్యం. అప్పటికి దుకాణంలో విత్తన ప్యాకెట్ కొనేసి ఉంటారు. జాతరను ప్రచార కార్యక్రమం అనాలా, వ్యవసాయ కార్యక్రమం అనాలా అన్నది తేల్చడం కష్టం. ఏ పద్దు కిందా పూర్తిగా ఇమడదు.

ఆ సంస్థ రేడియో కథ ప్రణాళిక కోణంలో ఇంకా ఆసక్తికరం. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. ఆ తర్వాత కూడా స్వచ్ఛంద సంస్థలకు రేడియో నడిపే అవకాశం ఇస్తూ విధానం రావడానికి 2006 దాకా పట్టింది. యునెస్కో సాయంతో మాచనూరులో స్టూడియో అంతకు చాలా ముందే సిద్ధమైంది. లైసెన్సు లేదని ఊరుకోలేదు. మహిళలే కార్యక్రమాలను క్యాసెట్లలో రికార్డు చేసి, సంఘం మీటింగుల్లో వినిపిస్తూ వచ్చారు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైనప్పుడు ప్రారంభించింది జస్టిస్ పి.బి.సావంత్, 1995 నాటి తీర్పు చెప్పిన ధర్మాసనానికి నేతృత్వం వహించిన న్యాయమూర్తి. ఆనాటికి వాళ్ల దగ్గర ఏళ్ల తరబడి పోగైన పాటలు, ముచ్చట్లు, విత్తనాల కబుర్లు ఉన్నాయి. ఏం ప్రసారం చేయాలని వెతుక్కోవాల్సిన పని పడలేదు. పరికరం ముందు, విషయం తర్వాత అనే క్రమంలో యూట్యూబ్ చానళ్లు తెరిచి పది వీడియోలకే ఆగిపోయే సంస్థలతో పోలిస్తే ఇది తలకిందుల క్రమం.

నెల్లూరు: పాఠమే ప్రచారమైనప్పుడు

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సాగిన సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమానిది ఇంకో రకం అనుభవం. ఆ ఉద్యమం సారా వ్యతిరేకత కోసం పుట్టలేదు. పెద్దవాళ్లకు చదువు చెప్పడానికి పుట్టింది. తరగతులు పెట్టింది రాత్రిపూట, పని ముగిసి వంటలయ్యాక. ముందు కళాజాతా బృందాలు ఊళ్లోకి వచ్చి పాటలతో, నాటికలతో జనాన్ని పోగుచేసేవి. పాఠాలు 'అ అంటే అమ్మ' దగ్గర ఆగకుండా కూలి, సారా, ఇంటి గొడవల దాకా వెళ్లాయి. దూబగుంట మహిళలు తమ ఊళ్లో సారా అమ్మకాన్ని అడ్డుకున్నాక ఆ ఉదంతమే ఇతర ఊళ్లవాళ్లు చదివే పాఠమైంది.

ఇక్కడ గమనించాల్సింది దారి ఎటునుంచి ఎటు పోయిందన్నది. ఊళ్లో జరిగిన సంగతి పాఠంలోకి వెళ్లింది, పాఠంలోంచి పక్క ఊళ్లకు పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్లిన కదలికకు బీజాలు అక్కడున్నాయి. సంపూర్ణ నిషేధం 1997లో సడలిపోయింది, అది వేరే చర్చ. ఏ లాగ్‌ఫ్రేమ్‌లోనూ (ప్రాజెక్టు లక్ష్యాలు, ఫలితాలు రాసే పట్టికలోనూ) 'సారా దుకాణాల మూసివేత' అని ఆశించిన ఫలితంగా రాసి ఉండదు. ప్రణాళికలో ఖాళీ ఉంది కాబట్టి అది పట్టింది. ఇవాళ్టి ఏడాది ప్రాజెక్టుల్లో మొదటి త్రైమాసికానికి మూడు మీటింగులు, రెండో దానికి నాలుగు అని ముందే బిగించేస్తారు. మూడో మీటింగులో ఊరివాళ్లు కొత్త సమస్య చెబితే దాన్ని రాసుకునే గడి ఫారంలో ఉండదు.

చదివి వినిపించే పుస్తకం

రెండు రాష్ట్రాల్లోనూ నిలకడగా నడుస్తున్న సమాచార వ్యవస్థ ఏదని వెతికితే అది పొదుపు సంఘాల దగ్గరే దొరుకుతుంది. దాన్నెవరూ ఆ పేరుతో పిలవరు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, వాయిదాల చెల్లింపు, పుస్తకాల నిర్వహణ - ఈ ఐదింటినీ పంచసూత్రాలంటారు. నెలకు ఒకటో రెండో రోజులు ముందే ఖాయం, ఫోన్ చేసి పిలవాల్సిన పని లేదు. తీర్మానాల పుస్తకంలో రాసింది పైకి చదివి వినిపించాక సంతకాలు పెడతారు. ఎవరు ఎంత తీసుకున్నారో, ఎవరు వాయిదా తప్పారో అందరి చెవినా పడుతుంది. చదువు రానివాళ్లకు కూడా లెక్క తెలుస్తుంది.

ఉపాధి హామీ పనుల్లో 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నడిపిన సామాజిక తనిఖీ కూడా ఈ కోవలోదే. ఉపాధి కూలీల కుటుంబాల యువత ఇంటింటికీ వెళ్లి మస్టర్ రోలులో (కూలీల హాజరు పట్టీలో) ఉన్నది చదివి వినిపించడం, 'నువ్వు ఇన్ని రోజులు పనిచేశావా, ఇంత డబ్బు ముట్టిందా' అని అడగడం, తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక. రాజస్థాన్‌లో 1990ల మధ్యలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే ప్రజాసంఘం మొదలుపెట్టిన జన సున్వాయిల (బహిరంగ విచారణల) స్ఫూర్తి ఇందులో ఉంది. తేడా ఏమిటంటే, అక్కడ ప్రభుత్వాన్ని నిలదీసి సాధించుకున్నది ఇక్కడ ప్రభుత్వ వ్యవస్థలోనే భాగమైంది.

ఇతరుల లెక్కలను ఊళ్లో చదివించాలని పోరాడిన స్వచ్ఛంద రంగంలో, తమ వార్షిక నివేదికను తాము పనిచేసే ఊళ్లో తెలుగులో చదివి వినిపించే సంస్థలు మాత్రం అరుదు. వార్షిక నివేదిక ఆర్ట్ పేపర్ మీద, ఇంగ్లిష్‌లో, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న ఆఫీసు బల్ల మీదికి వెళుతుంది.

ఫొటోలు, ఫోన్ నంబర్లు: 2027 లోపు సర్దుకోవాల్సినవి

వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత, అంటే 2027 మే నుంచి వర్తిస్తాయి. లాభాపేక్ష లేదు కదా అని స్వచ్ఛంద సంస్థలకు మినహాయింపు లేదు. పేరు, నంబరు, ఆధార్ కాపీ, ఫొటో ఎందుకు తీసుకుంటున్నారో స్పష్టంగా చెప్పి సమ్మతి తీసుకోవాలి. ఇచ్చినంత తేలిగ్గా ఆ సమ్మతిని వెనక్కి తీసుకునే వీలుండాలి. 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులదో, సంరక్షకులదో సమ్మతి కావాలి. కోరితే ఆ సమాచారం రాజ్యాంగం 8వ షెడ్యూలు భాషల్లో, అంటే తెలుగులో కూడా, అందుబాటులో ఉండాలి.

హాస్టళ్లు, బాలల గృహాలు నడిపే సంస్థలకు ఇది పూర్తిగా కొత్త కాదు. సంరక్షణలో ఉన్న పిల్లల్ని గుర్తుపట్టేలా ఫొటోలు, వివరాలు బయట పెట్టడాన్ని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ఎప్పుడో నిషేధించింది. అయినా దాతలకు పంపే దీపావళి గ్రీటింగుల్లో ఆ ముఖాలే కనిపించడం ఆగలేదు. వాట్సాప్ గ్రూపులో రెండువందల మంది నంబర్లు ఒకరికొకరికి కనిపించడం, ఉద్యోగం మానేసిన కార్యకర్త ఫోన్లోనే జాబితాలన్నీ ఉండిపోవడం కూడా ఇకమీదట చిన్న సంగతులు కావు.

ముందేం జరగవచ్చు

చట్టాల పట్టు సడలే సూచనలేమీ లేవు కాబట్టి చిన్న సంస్థలు రెండు దారుల్లో చీలే అవకాశం ఉంది. కొన్ని నిధులిచ్చే కంపెనీలకు పని చేసిపెట్టే ఏజెన్సీల్లా మారతాయి. వాటి రిపోర్టులు బాగుంటాయి, ఊళ్లో పేరు ఎవరికీ గుర్తుండదు. మరికొన్ని చిన్న మొత్తాల స్థానిక విరాళాల మీద ఆధారపడతాయి. వాటికి డబ్బు తక్కువ, కానీ మీటింగు ఏ నెలలో పెట్టుకోవాలో తేల్చుకునే స్వేచ్ఛ ఉంటుంది.

రెంటికీ మధ్య దారి ఒకటి నిబంధనల్లోనే ఉంది. సీఎస్ఆర్ కమిటీ ప్రతి ఏడాదికీ కార్యాచరణ ప్రణాళిక తయారుచేసి బోర్డుకు ఇవ్వాలని 2021 సవరణలు చెబుతున్నాయి. ఆ ప్రణాళికలో చోటు కావాలంటే ప్రపోజల్ ఆర్థిక సంవత్సరం మొదలయ్యే ముందే, మూడేళ్ల ప్రాజెక్టుగా, ఏ కార్తెలో ఏ పని అన్నది రాసి పంపాలి. రైతులతో మాటలు సంక్రాంతి తర్వాత, బడి పిల్లల పని జూన్ 12న బడులు తెరిచే సమయానికి, కూలీల సమావేశాలు కోతలు లేని రోజుల్లో సాయంత్రం ఏడు దాటాక. ఊళ్లో మీటింగు పెట్టకూడని ఫిబ్రవరి, ఆఫీసులో కూర్చుని ప్రపోజల్ రాసుకోవడానికి మంచి నెల.